చలికాలం సైకిలు, చవకైన జర్కిన్

చలి ముదిరేసరికి చాలా ఇళ్లలో సైకిలు గోడకు చేరుతుంది. కార్తీకం దాకా రోజూ తొక్కినవాళ్లు కూడా మార్గశిరం రాగానే "సంక్రాంతి పోయాక చూద్దాంలే" అంటారు. నెలల తరబడి కూడగట్టుకున్న అలవాటు రెండు వారాల్లో చెదిరిపోతుంది. తర్వాత తమకు పట్టుదల లేదని తమనే నిందించుకుంటారు. చాలాసార్లు లోపం పట్టుదలలో ఉండదు, ఒంటిమీది బట్టలో ఉంటుంది. అలవాటు నిలబడాలంటే దానికి అడ్డుపడే చిన్న ఇబ్బందిని ముందు తొలగించాలి. ఈ అధ్యాయంలో ఆ పని చేద్దాం.

వెంకటగిరికోట, కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతంలో సైకిలు కొందరికి వ్యాయామం, ఇంకెందరికో అవసరం. క్యాను తగిలించుకుని పాలకేంద్రానికి పోయే రైతు, చీకటితో పేపర్లు వేసే కుర్రవాడు, పల్లె నుంచి హైస్కూలుకు పోయే ఆడపిల్ల, బెంగళూరు రైలు అందుకోవాలని కుప్పం స్టేషనుకు తెల్లారకముందే బయల్దేరే ఉద్యోగి, వీళ్లందరికీ చలి ఒక్కటే. వేలు పోసి కొనే జాకెట్ల గురించి వీళ్లకు చెప్పి ప్రయోజనం లేదు. అంత ఖరీదైనది మన చలికి అవసరమూ లేదు. మన దగ్గర సైకిలు తొక్కేవాళ్లు మందం కోసం డబ్బు పెట్టకూడదు. ఎదురుగాలిని ఆపి, లోపలి చెమటను బయటికి పోనిచ్చే బట్ట కోసం పెట్టాలి. ఇకపై చెప్పేదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

ముందు మన చలిని తెలుసుకోండి

ఎత్తుకు పోయేకొద్దీ గాలి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. మదనపల్లె, కుప్పం సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అందుకే నెల్లూరులో ఫ్యాను తిరుగుతున్న రాత్రి మనం దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాం. రాయలసీమలో అతి తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ నమోదైందో చెప్పే వాతావరణ వార్తల్లో మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం పేరు తరచుగా వినిపిస్తుంది. క్షయకు మందులు లేని కాలంలో, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో, మిషనరీలు అక్కడ శానిటోరియం కట్టారు. ఈ మెట్టప్రాంతపు పొడి, చల్లని గాలి రోగులకు మేలు చేస్తుందని వాళ్ల నమ్మకం.

ఇక్కడ జనవరిలో తెల్లారుజామున 14, 15 డిగ్రీలుంటుంది. బాగా చలి పెట్టిన రోజున 10 దరిదాపులకు దిగుతుంది. మధ్యాహ్నానికి మళ్లీ 27, 28కి చేరుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. ఆరింటికి ఒంటిమీద ఉండాల్సిన బట్ట తొమ్మిదింటికి బరువైపోతుంది. కాబట్టి మడిస్తే చిన్నదైపోయి సంచిలోనో, క్యారియర్ మీదో ఇమిడే జర్కిన్ మనకు పనికొస్తుంది. కాశ్మీరు పోయేవాళ్లు కొనే లావుపాటి కోటుకు ఇక్కడ రోజుకు రెండు గంటలకు మించి పని ఉండదు.

చలి కన్నా గాలి ఎక్కువ బాధిస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ఒంటిచుట్టూ వెచ్చటి గాలి పలుచటి పొరలా నిలుస్తుంది. సైకిలు కదలగానే ఎదురుగాలి ఆ పొరను చెదరగొడుతుంది. గాలి వల్ల చలి ఎంత పెరిగినట్టు అనిపిస్తుందో లెక్కగట్టేందుకు అమెరికా, కెనడా దేశాలు 2001 నుంచి వాడుతున్న సూత్రం ఒకటుంది. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే ముఖానికి 7 డిగ్రీల చలిలా ఉంటుంది. ఘాటు దిగేటప్పుడు వేగం 40కి చేరితే 6 డిగ్రీలలా ఉంటుంది. ఊళ్లో నడిచేటప్పుడు తెలియని చలి చెరువుకట్ట మీద సైకిలెక్కగానే ఎముకల్లోకి దిగినట్టుండేది ఇందుకే. పైగా చల్లగాలి బరువైనది. రాత్రంతా అది పల్లానికి జారి చేరుతుంది. మిట్ట మీది రోడ్డు కన్నా మడికయ్యల పక్కన, వాగు దగ్గర చలి ఎక్కువగా అనిపిస్తే అది మీ భ్రమ కాదు.

మీ ఒళ్లే ఒక పొయ్యి

మోటారు సైకిలు మీద పోయేవాడికి, సైకిలు తొక్కేవాడికి ఒకే జర్కిన్ సరిపోదు. బండి మీద కూర్చున్న మనిషి ఒంట్లో పెద్దగా వేడి పుట్టదు. అతనికి మందపాటి కోటు న్యాయమే. సైకిలు తొక్కేవాడు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే చక్రాన్ని తిప్పుతుంది. మిగతాదంతా వేడిగా మారుతుంది. ఆ వేడి బయటికి పోకపోతే చెమట పడుతుంది.

అసలు చిక్కు చెమటతోనే. లీటరు చెమట ఆరిపోయేటప్పుడు ఒంటినుంచి దాదాపు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. వేసవిలో ఇది మనకు వరం. చలికాలంలో పాలకేంద్రం దగ్గర వరుసలో నిలబడ్డప్పుడో, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఆగినప్పుడో, తడిసిన బనీను వీపుకు అతుక్కుని వణుకు పుట్టిస్తుంది. లావు కోటు వేసుకుని తొక్కినవాళ్లు "ఇంత వేసుకున్నా చలి ఆగట్లేదు" అని ఇంకో స్వెట్టర్ తొడుగుతారు. చెమట ఇంకా పెరుగుతుంది, దాంతో చలీ పెరుగుతుంది.

కాబట్టి ఒక సూత్రం పెట్టుకోండి. ఇంటి గడప దాటేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి. పది నిమిషాలు తొక్కాక హాయిగా ఉండాలి. గడప దగ్గరే వెచ్చగా ఉందంటే ఎక్కువ వేసుకున్నారన్నమాట. అంగడిలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అద్దం ముందు నిలబడితే ఎంత వెచ్చగా ఉందన్నది చూడొద్దు. పది నిమిషాలు తొక్కిన తర్వాత ఎలా ఉంటుందో ఊహించి ఎంచుకోండి.

మూడు పొరల పద్ధతి

ఒక్క లావు బట్ట కన్నా మూడు పలుచటివి మేలు. ఒంటిని తాకేది చెమటను త్వరగా వదిలేసేదిగా ఉండాలి. నూలు బనీను చెమటను పీల్చుకుని చాలాసేపు తడిగానే ఉంటుంది. ఆటలకు వేసుకునే పాలిస్టర్ టీషర్టు త్వరగా ఆరుతుంది, ధర కూడా తక్కువే.

రెండో పొర వేడిని నిలిపేది. ఇంట్లో ఉన్న చేతుల్లేని స్వెట్టర్ చాలు. అది ఉన్నిదైతే మరీ మంచిది, ఎందుకంటే ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా పోగొట్టుకోదు. గొర్రెల వెంట రాత్రుళ్లు బయలులో గడిపే కాపరులు తరతరాలుగా గొంగడినే నమ్ముకోవడంలో ఉన్న శాస్త్రం ఇదే. చలి మరీ లేని రోజుల్లో ఈ పొరను వదిలేయండి.

మూడోది గాలిని ఆపే పైపొర. మనం కొనబోయేది దీన్నే. మొదటి రెండు పొరలూ చాలామంది ఇళ్లలో ఇప్పటికే ఉంటాయి. డబ్బంతా ఈ మూడో దానిమీద పెట్టొచ్చు.

ఏవి వద్దు, ఏది కావాలి

దిండులా ఉబ్బి ఉండే జాకెట్లు చూడ్డానికి బాగుంటాయి, చేతికి మెత్తగా తగులుతాయి. సైకిలు మీద మాత్రం రెండో కిలోమీటరుకే ఉడకబెడతాయి. రెక్సిన్ జాకెట్లు గాలిని ఆపుతాయి, చెమటను కూడా లోపలే ఆపుతాయి. చలికాలంలో రోడ్డు పక్కన అమ్మే అల్లిక స్వెట్టర్లు రెండో పొరకు బంగారంలాంటివి. కానీ పైపొరగా వేసుకుంటే వాటి కంతల్లోంచి గాలి దూసుకొస్తుంది. ప్లాస్టిక్ రెయిన్‌కోటు గాలినీ వాననూ ఆపుతుంది, కాకపోతే అరగంటలో లోపల ఒళ్లంతా తడిసిపోతుంది.

కావలసింది పలుచటి నైలాన్ లేదా పాలిస్టర్ విండ్‌చీటర్. గుడ్డ దగ్గరి నేతతో ఉండాలి. లోపల బొచ్చు లైనింగ్ అక్కర్లేదు, పలుచటి జాలీ లైనింగ్ ఉంటే చాలు. ముందువైపు గాలిని ఆపుతూ, చంకల దగ్గరో వీపు పైభాగంలోనో గాలి ఆడే ఏర్పాటు ఉంటే అంతకన్నా మంచిది లేదు. గుడ్డలో చిన్న చిన్న గళ్లు కనిపిస్తే అది రిప్‌స్టాప్ నేత అయ్యే అవకాశం ఎక్కువ. ముళ్లకంపకు తగిలి చిరిగినా ఆ చిరుగు గళ్ల దగ్గర ఆగుతుంది.

అంగడిలో చేయాల్సిన ఆరు పరీక్షలు

ధర చీటీ చూసేముందు ఈ ఆరూ చేయండి. అంగడివాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. డబ్బు మీది, చలి కూడా మీదే.

1. ఊది చూడండి. పైపొర గుడ్డను నోటికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా ఊదండి. అవతల చెయ్యి పెడితే ఊపిరి ధారాళంగా తగలకూడదు. తగిలిందంటే రోడ్డు మీద గాలి కూడా అలాగే వస్తుంది.

2. హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపండి. జర్కిన్ తొడుక్కుని, జిప్పు పూర్తిగా వేసి, ముందుకు వంగండి. మణికట్టు బయటపడకూడదు. వెనకాల నడుము కనిపించకూడదు. భుజాల దగ్గర గుడ్డ బిగిసిపోకూడదు. పాత నల్ల సైకిలు తొక్కేవాళ్లు నిటారుగా కూర్చుంటారు కాబట్టి గాలంతా ఛాతీకి కొడుతుంది, వాళ్లు ముందుభాగాన్ని బాగా చూసుకోవాలి. గేర్ల సైకిలు మీద వంగి తొక్కేవాళ్లు వెనక అంచు పొడవుగా ఉన్నది ఎంచుకోవాలి.

3. జిప్పును పదిసార్లు ఎక్కించి దించండి. చవక జర్కిన్ ముందుగా పాడయ్యేది జిప్పు దగ్గరే. ఎక్కడైనా పట్టేస్తే వదిలేయండి. జిప్పు మెడదాకా పూర్తిగా తెరుచుకునేది కావాలి. మిట్ట ఎక్కేటప్పుడు దాన్ని సగం దించితే చాలు, లోపలి వేడి బయటికి పోతుంది. జిప్పు వెనక గుడ్డ పట్టీ ఉందో లేదో చూడండి. లేకపోతే పళ్ల సందుల్లోంచి గాలి నేరుగా ఛాతీకి తగులుతుంది.

4. కాలరు చూడండి. మెడను కప్పేంత ఎత్తుండాలి. జిప్పు పైదాకా వేశాక మెడకూ కాలరుకూ మధ్య ఒక వేలు దూరాలి.

5. లోపలివైపు తిప్పి కుట్లు చూడండి. దారాలు వేలాడుతున్నాయా, చంకల దగ్గర కుట్టు ఒంటి వరసేనా అన్నది ముఖ్యం. చేతులు ముందుకు చాపి తొక్కేవాడికి మొదట తెగేది అక్కడే.

6. మరీ వదులుగా ఉండే సైజు తీసుకోకండి. లోపల ఒక స్వెట్టర్ పట్టేంత వదులు చాలు. అంతకన్నా వదులైతే గాలికి టపటప కొట్టుకుంటుంది, తొక్కడం బరువవుతుంది. పిల్లలకు వచ్చే ఏడాదికి కూడా రావాలని పెద్ద సైజు కొంటాం. అలా కొంటే చేతుల అంచుకు, నడుముకు ఎలాస్టిక్ ఉన్నది కొనండి.

ముసురు రోజుల మాట

మనకు చలికాలం పొడిగా మొదలవదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే వెంకటగిరికోట, కుప్పం వైపు రోజుల తరబడి ముసురు పడుతుంది. అందుకని చాలామంది మొదట్లోనే "వాటర్‌ప్రూఫ్ ఉందా?" అని అడుగుతారు.

ఇక్కడ రెండు రకాలను వేరుచేసి చూడాలి. ఒకటి తుంపరను ఓర్చుకునేది. గుడ్డ మీద నీటిబొట్టు వేస్తే అది ముత్యంలా నిలిచి జారిపోతుంది. అరగంట సన్నటి చినుకులకు ఇది చాలు. పలుచటి విండ్‌చీటర్లలో చాలావాటికి ఈ పూత ఉంటుంది. రెండోది జడివానను ఆపేది. దానికి లోపల ప్రత్యేక పొర ఉండాలి, కుట్ల మీద టేపు అతికించి ఉండాలి. టేపు లేకపోతే గుడ్డ ఎంత గొప్పదైనా సూది కన్నాల్లోంచి నీళ్లు దిగుతాయి. నీటిని ఆపుతూనే చెమట ఆవిరిని వదిలే గుడ్డలున్నాయి గాని, వాటి ధర సామాన్యుడికి అందేది కాదు.

నా సలహా ఇది. రెండు పనులూ ఒకే బట్టతో చేయించాలని చూడకండి. రోజూ వాడుకోవడానికి తుంపరను ఓర్చుకునే విండ్‌చీటర్ కొనండి. జడివానకు చవక రెయిన్‌కోటు ఒకటి మడిచి సంచిలో పెట్టుకోండి. ఏడాదిలో గట్టిగా వాన పడే పొద్దులు కొన్నే. ఆ కొన్నిటి కోసం మిగతా అన్ని ఉదయాలూ ఉక్కపోత భరించడం తెలివైన బేరం కాదు.

ఎంత డబ్బు పెట్టాలి

మొదటి మెట్టు పైసా ఖర్చు లేనిది. పొడుగు చేతుల చొక్కా, మీద స్వెట్టర్, రెంటికీ మధ్య ఛాతీ మీద రెండు మడతల దినపత్రిక. దీన్ని పేదవాడి చిట్కాగా కొట్టిపారేయకండి. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో కొండల మీదికి ఎక్కిన రైడర్లు దిగేముందు చొక్కాల్లో పేపరు దోపుకునేవారు. కాగితం గాలిని ఆపుతుంది, ఎక్కేటప్పుడు అవసరం లేకపోతే తీసి పడేయొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మూడు ఉదయాలు ఇలా తొక్కి చూడండి. మీకు చలి ఎక్కడ కొడుతుందో, ఛాతీకా, మెడకా, చేతులకా, తెలుస్తుంది. అది తెలిశాక కొనేది వృథా పోదు.

రెండో మెట్టు ఐదారు వందల్లో మామూలు విండ్‌చీటర్. మదనపల్లె బట్టల అంగళ్లలో, వారపు సంతల్లో వెతకండి. బెంగళూరు పోయివచ్చే బంధువులుంటే అక్కడి ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ అంగళ్లలో చూడమనండి. ఆ నగరంలో బట్టల ఫ్యాక్టరీలు ఎక్కువ. చిన్న లోపంతో మిగిలిపోయిన మంచి గుడ్డ అక్కడ తక్కువ ధరకు దొరకొచ్చు. కాకపోతే ఆరు పరీక్షలూ వాళ్ల చేత చేయించండి.

మూడో మెట్టు వెయ్యి నుంచి పదిహేను వందల దాకా. క్రీడా సామగ్రి అంగళ్లలో సైకిలు కోసమే కుట్టిన పలుచటి జాకెట్లకు ఇది సరైన హద్దు. రోజూ పది కిలోమీటర్లకు మించి తొక్కేవాళ్లు మాత్రమే ఇక్కడిదాకా వెళ్లండి.

ధరను ఉదయాలతో భాగించి చూడటం అలవాటు చేసుకోండి. 1200 రూపాయల జర్కిన్ ఏడాదికి వంద ఉదయాల చొప్పున నాలుగు చలికాలాలు వస్తే ఉదయానికి మూడు రూపాయలు. 400 రూపాయలది ఒక్క చలికాలానికే చినిగిపోతే ఉదయానికి నాలుగు. అలాగని ఖరీదైనదల్లా మంచిదని కాదు. ఎన్నాళ్లు వాడతామన్నది లెక్కలోకి రావాలి. ఆగి కొనగలిగితే శివరాత్రి దాటాక కొనండి. చలి శివశివా అంటూ వెళ్లిపోయాక అంగడివాడు మిగిలిన సరుకు వదిలించుకోవాలని చూస్తాడు, బేరం మీ చేతిలో ఉంటుంది.

టైలరు చేతిలో మెరుగులు

చవక జర్కిన్‌ను సైకిలు జర్కిన్‌గా మార్చడానికి మన వీధి టైలరు చాలు. చేతుల అంచులకు ఎలాస్టిక్ వేయించండి. వెనక అంచు పొట్టిగా ఉంటే అదే రకం గుడ్డతో నాలుగు వేళ్లు పెంచమనండి. చంకల కింద చెమట నిలుస్తుంటే రెండు వైపులా చిన్న రంధ్రాలు పెట్టించి ఐలెట్లు బిగించమనండి. గాలి ముందునుంచి కొడుతుంది కాబట్టి చలి పెరగదు, ఆవిరి మాత్రం బయటికి పోతుంది.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. వీపు మీద, రెండు చేతుల మీద వెలుతురు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ పట్టీ కుట్టించండి. జనవరిలో ఆరున్నర దాటితే గాని సూర్యుడు రాడు. వచ్చినా పొగమంచు. టమోటా లారీలు మార్కెట్టు వేళకు చేరాలని పరుగెత్తే సమయం కూడా అదే. నల్ల జర్కిన్ మురికి కనిపించదని కొంటాం. మురికితో పాటు మనిషి కూడా కనిపించడు. పసుపు, నారింజ, లేత ఆకుపచ్చ రంగులు ఎంచుకోండి. వీపున స్కూలు సంచి తగిలించుకునే పిల్లలకు పట్టీ సంచి మీద కూడా ఉండాలి. వీలైతే సంచిని వీపు మీద కాకుండా క్యారియర్‌కు కట్టమనండి. వీపున చెమట తగ్గుతుంది.

మంకీ క్యాప్ చెవుల్ని వెచ్చగా ఉంచుతుంది గాని వెనకవచ్చే బండి చప్పుడును కూడా తగ్గిస్తుంది. హెల్మెట్ కింద పలుచటి టోపీ నయం. మఫ్లరు, చున్నీ, పైట కొంగు చివర్లు వేలాడితే చక్రంలో పడతాయి. వాటిని జర్కిన్ లోపల దోపి జిప్పు వేయండి.

నాలుగు చలికాలాలు రావాలంటే

సబ్బునీళ్లలో మెల్లగా ఉతకండి, బండకేసి బాదకండి, గట్టిగా పిండకండి. నీడలో ఆరేయండి. ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి. నైలాన్‌కు పెద్ద శత్రువు చలిమంట. దారిలో ఎక్కడైనా మంట కనిపిస్తే ఆగి చేతులు కాచుకోవాలనిపిస్తుంది. ఒక్క నిప్పురవ్వ పడితే అక్కడ కన్నం పడుతుంది. మంట దగ్గరికి పోయేముందు జర్కిన్ విప్పి సైకిలు మీద వేయండి. చలికాలం అయిపోయాక తడి లేకుండా చూసి, మడతల్లో నలగకుండా కొక్కేనికి తగిలించండి.

ఈ వారం చేయాల్సినవి

మొదటి మూడు ఉదయాలు ఉన్న బట్టలతోనే, ఛాతీ మీద పేపరు పెట్టుకుని తొక్కండి. తిరిగి వచ్చాక రెండే మాటలు రాసుకోండి: చలి ఎక్కడ కొట్టింది, చెమట ఎక్కడ పట్టింది. నాలుగో రోజు ఆ కాగితం పట్టుకుని అంగడికి వెళ్లండి. చలి కొట్టిన చోట గాలి ఆగాలి, చెమట పట్టిన చోట గాలి ఆడాలి. ఈ రెండూ కుదిరితే కొనండి, కుదరకపోతే ఉత్తచేతులతో రండి. కొన్నాక అదే రోజు టైలరు దగ్గరికి వెళ్లి మెరిసే పట్టీ కుట్టించండి. మర్నాడు ఉదయం గడప దగ్గర కాస్త చలిగా అనిపించినా ఆగకండి, సైకిలెక్కండి. పది నిమిషాల్లో సర్దుకుంటుంది.